ఆకసమునుండి తొట్లకొండ

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు సముద్రతీరము వెంట పోవు బాటలో, సుమారు పదునైదు కిలోమీటర్ల దూరమున, ఎడమచేతివైపున నొక కొండ గలదు. కుడివైపున కడలియు, దాని యొడ్డున మంగమారిపేట యను జాలరిపల్లెయు నున్నవి. భీమిలి విహారమునకు పోవు మన సోదరీమణులలో ననేకులు కుడివైపున కెరటములనే చూచుచు పోవుదురు. ఎడమవైపున నున్న కొండ యెక్కి వచ్చినవారు తక్కువ. ఆ కొండ పేరు తొట్లకొండ.

గడచిన సంక్రాంతి సెలవులలో మేము విశాఖపట్టణమున మా పెత్తల్లి కుమార్తె యింటికి పోయినప్పుడు ఆ కొండను చూచి రావలెనని సంకల్పించితిమి. మావారు బడిలో చరిత్ర చెప్పువారు గనుక ఆయనకు స్తూపములయందు మక్కువ. మా అమ్మాయి కళాశాలలో భూగోళశాస్త్రము చదువుచున్నది గనుక ఆమెకు పటములయందు మక్కువ. మాకు మాత్రము పూర్వులు ఎట్లు వండుకొని తినిరో, నీరెట్లు నిలువచేసికొనిరో తెలిసికొనుటయందు మక్కువ. ముగ్గురి కోరికలును ఆ కొండమీదనే తీరినవి.

కొండ నెత్తము సముద్రమునకు 128 మీటర్ల యెత్తున నున్నది. పైకి చేరగానే చల్లని గాలి మొగమునకు తగులును. క్రిందుగా నీలిసముద్రము పఱచినట్లు కనబడును. అచ్చట సుమారు రెండువేల సంవత్సరములకు పూర్వము బౌద్ధభిక్షువులు సంఘారామము కట్టుకొని నివసించిరి. మహాస్తూపము, చిన్నస్తూపములు, చైత్యగృహములు, భిక్షువులు నివసించిన అఱల వరుసలు, స్తంభములతో కూడిన సభామంటపము, భోజనశాల, వంటశాల – వీని పునాదులన్నియు నేడును చూడవచ్చును. అఱలు ఎంత చిన్నవనగా, ఒక్క మనుష్యుడు చాప పఱచుకొని పండుకొనుటకు మాత్రమే చాలును. వంటశాల మాత్రము విశాలమైనది. ఎందఱకు వండిరో, ఏమి వండిరో యని మేమచ్చట చాలసేపు నిలిచి యాలోచించితిమి. మావారు స్తూపమువద్దనుండి పిలిచినను కదలలేదు.

కొండ రాతినే తొలిచి వానినీరు నిలుచుటకు తొట్లను చేసిరి. ఆ తొట్లవలననే కొండకా పేరు వచ్చినది. శాసనములు మఱుగుపడినవి, భిక్షువుల పేళ్ళు మఱుగుపడినవి. కాని నీరు నిలిచిన తొట్టి పేరు మాత్రము జనుల నోట నిలిచినది. ఇచ్చట త్రవ్వినప్పుడు శాతవాహనుల సీసపు నాణెములు 9, రోమనుల వెండి నాణెములు 5 దొరకినవి. ఈ నిర్జనమైన కొండకును సముద్రముల కావలి నగరములకును ఒకప్పుడు రాకపోక లుండెననుటకు ఆ వెండి బిళ్ళలే సాక్ష్యము.

ఈ కొండ మరల లోకమునకు తెలిసిన విధము మిక్కిలి వింతయైనది. దీనిని కనుగొన్నది బాటసారి కాడు, పండితుడు కాడు. నౌకాస్థావరమునకై తగిన ప్రదేశమును వెదకుచు భారత నౌకాదళమువారు విమానముపైనుండి ఈ తీరమును పరిశీలించినప్పుడు ఈ శిథిలములు కంటబడినవి. పిమ్మట 1988లో ఆంధ్రప్రదేశ్ పురావస్తుశాఖవారు త్రవ్వకములు ప్రారంభించి కొన్నియేండ్లు సాగించి ఆరామమునంతను వెలికి తీసిరి.

క్రిందనుండి చూచినవారికి కానరానిది పైనుండి చూచినవారి కెట్లు కానవచ్చినది? మన వాకిటి ముగ్గును తలచుకొనుడు. ముగ్గుమీద నడచు చీమకు తెల్లని పిండి తప్ప మఱేమియు తెలియదు. నిలుచుండి చూచు ఇల్లాలికి అది ఎనిమిది రేకుల పద్మమని తెలియును. అట్లే పొదలలో నడచువానికి చెదరిన ఇటుకలును రాళ్ళును మాత్రమే తోచును. ఆకసమునుండి చూచినచో అది గుండ్రని స్తూపమనియు, ఇది తిన్నని గోడ యనియు రూపు తెలియును. శ్రీరాముడు పుష్పకమునుండి సీతమ్మకు సేతువును, అడవులను, నదులను చూపుట మన మెఱిగినదే. కాళిదాసుని మేఘుడును పైనుండియే దేశమును చూచుచు పోయెను. కవులు ఊహించిన ఆ చూపు నేడు యంత్రములకు కలిగినది.

ఆ యంత్రములే కృత్రిమ ఉపగ్రహములు. వీనిలో భూమిని చిత్రించునవి పెక్కులు మనకు అయిదారువందల కిలోమీటర్ల యెత్తున తిరుగుచుండును. మనవారివి మన తెలుగునేలనుండియే, శ్రీహరికోటనుండి, ఎగురుచున్నవి. అవి పంపు చిత్రములను అందుకొని భద్రపఱచు జాతీయ దూరసంవేదన కేంద్రము హైదరాబాదులో నున్నది. 2009 మొదలు ఆ సంస్థవారు భువన్ అను పేర ఇంటర్నెట్టుద్వారా మన దేశపు పటములను జనులందఱును చూచుటకు వీలు కల్పించిరి.

ఈ చిత్రములు చుక్కల ముగ్గువంటివి. ఒక్కొక్క చుక్క నేలమీద కొంత చోటునకు గుర్తు. చుక్క యెంత చిన్నదైన చిత్రమంత స్పష్టము. 1972లో అమెరికావారు పంపిన మొదటి ల్యాండ్‌శాట్ చిత్రములో ఒక్కొక్క చుక్క సుమారు 80 మీటర్ల చోటునకు గుర్తుగా నుండెను. అనగా తొట్లకొండ మహాస్తూపమంతయు నొక్క చుక్కలో మునిగిపోవును. 2005లో మనవారు పంపిన కార్టోశాట్-1 చిత్రములో చుక్క 2.5 మీటర్లకు దిగినది. 2019 నవంబరు 27వ తేదీన శ్రీహరికోటనుండి ఎగిరిన కార్టోశాట్-3 చిత్రములోనో, చుక్క రమారమి జానెడు మాత్రమే!

మఱియొక విశేషము. మన కంటికి కనబడని కిరణములను సయితము ఈ యంత్రములు పట్టగలవు. ఆరోగ్యముగా నున్న ఆకు అట్టి కిరణములను మిక్కుటముగా వెదచల్లును. వాడిన ఆకు తక్కువగా వెదచల్లును. మట్టిక్రింద పాతగోడ యున్నచోట వేళ్ళు లోతుగా దిగజాలక పైరు ముందుగా వాడును. పాత కందకము పూడినచోట తేమ నిలిచి పైరు ఏపుగా నుండును. పొలము గట్టున నిలిచినవారికి అంతయు పచ్చగనే తోచును. చిత్రములో మాత్రము నేలక్రింది గోడ గీతవలె తేలును. బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థలోని డాక్టరు ఎం.బి. రజని యను విదుషీమణి ఇట్టి చిత్రములను పరిశోధించి, త్రవ్వకములలో వెలువడిన భాగమునకు వెలుపల గూడ నలందా మహావిహారము విస్తరించి యుండెనని చూపినది. స్త్రీ యొకతె తన గదిలో కూర్చుండి బీహారు పొలములక్రింది విద్యాలయపు ఎల్లలు వెదకెననిన మనకెంత గర్వకారణము!

తొట్లకొండ దిగివచ్చిన రాత్రి మా అమ్మాయి కంప్యూటరు తెఱచి అదే కొండను ఆకసమునుండి చూపినది. పగలంతయు కాళ్ళు నొచ్చునట్లు తిరిగిన చోటు అరచేతియంత తెరమీద ఇమిడినది. గుండ్రని స్తూపమును, అఱల వరుసలును, మేము నిలిచిన వంటశాలయు స్పష్టముగా తెలిసినవి. ఆ పిమ్మట నామె ఇరువదియేండ్ల చిత్రములను ఒకదాని వెనుక నొకటిగా త్రిప్పినది. అప్పుడు మా సంతోషము తగ్గినది. మొదటి చిత్రములలో కొండ చుట్టును పొదలును, ఎఱ్ఱమట్టియు, జీడితోటలును. రాను రాను మధురవాడ దిక్కునుండి ఇండ్ల వరుసలు, బాటలు, చదును చేసిన స్థలములు తెల్లని మచ్చలవలె దగ్గఱకు జరిగి వచ్చుచున్నవి. పట్టణము పెరుగుట తప్పు కాదు. పిల్లలు పెరిగినచో ఇల్లు పెద్దది చేసికొనమా? కాని ఇల్లు పెంచుకొనుటకై తాతగారి సమాధిని త్రవ్వువారుందురా? ఈ కొండకు చెందిన రక్షితభూమి ఎంతవఱకను మాట పలుమాఱులు వివాదములోనికి వచ్చినది. అట్టి వివాదములో ఏ సంవత్సరమున ఎచ్చట ఏమి యుండెనో, ఏమి లేదో, పక్షపాతము లేక చెప్పగల సాక్షి ఈ చిత్రమే.

కేంద్రప్రభుత్వపు రక్షణలోనున్న కట్టడముల విషయమున చట్టము స్పష్టముగా నున్నది. 2010లో సవరించిన చట్టము ననుసరించి, అట్టి కట్టడపు రక్షిత ప్రదేశమునకు చుట్టును 100 మీటర్లవఱకు క్రొత్త కట్టడము నిషిద్ధము. ఆవల మఱి 200 మీటర్లలో అనుమతి లేక కట్టరాదు. హైదరాబాదు కేంద్రమువారు కట్టడములను ఉపగ్రహచిత్రములపై గుర్తించి వాని చుట్టును ఈ హద్దులు గీయు కార్యమును చేపట్టిరి. ఇల్లు కట్టుకొనదలచువాడు తన స్థలము ఏ హద్దులో పడునో ముందుగనే తెలిసికొనినచో తగవే యుండదు గదా. తొట్లకొండ రాష్ట్ర పురావస్తుశాఖవారి పాలనలోనిది. ఇట్టివానికిని అదే శ్రద్ధ కావలెను.

హద్దులు గీయనందువలన కలిగిన నష్టమెంతయో వినుడు. 2013లో ప్రభుత్వ లెక్కల తనిఖీ యధికారులు దేశమున కేంద్రరక్షణలోని కట్టడములు కొన్నింటిని స్వయముగా పోయి చూడగా, 92 కట్టడములు కనబడలేదని వ్రాసిరి. సమాధి, కోట, శిలాశాసనము – కాగితముమీద నున్నవి, నేలమీద లేవు! తరువాత వెదకగా 42 దొరకినవి. మిగిలిన 50లో 14 పట్టణముల పెరుగుదలలో కలిసిపోయినవనియు, 12 జలాశయములలో మునిగినవనియు, 24 ఎచ్చటనున్నవో తెలియలేదనియు 2022లో కేంద్ర సాంస్కృతికశాఖవారు పార్లమెంటు సంఘమునకు తెలిపిరి. ఇంటిలోని ఇత్తడి బిందె పోయినను ఊరంతయు వెదకు మనము, ఇరువదినాలుగు ప్రాచీన కట్టడములు పోయినవని వినియైనను ఉలిక్కిపడలేదు. ఆ కాలమున కేంద్రరక్షణలోని 3,693 కట్టడములలో కాపలాదారులను నియమింపగలిగినది 248 చోట్ల మాత్రమేనని గూడ ఆ నివేదికవలన తెలియుచున్నది. ఇంతమంది కాపలాదారులు లేనిచోట ఆకసపు కన్ను ఎంత యుపకారియో వేరుగ చెప్పనేల?

అయినను, సోదరీమణులారా, ఆ కన్ను చూచును గాని చేయి చాచి అడ్డుకొనలేదు. సిరియా దేశమున పల్మైరా యను ప్రాచీననగరము గలదు. అచ్చట బేల్ దేవాలయము క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాటిది. 2015 ఆగస్టు 27వ తేదీనాటి ఉపగ్రహచిత్రములో అది నిలిచియున్నది. 31వ తేదీనాటి చిత్రములో లేదు. ఉగ్రవాదులు ప్రేల్చివేసిరని ఐక్యరాజ్యసమితి ఉపగ్రహ విభాగమువారు ఆ రెండు చిత్రములను పోల్చి లోకమునకు తెలిపిరి. తెలుపుటయే వారు చేయగలిగినది. అదే నెలలో, ఆ నగరపు పురావస్తువులను నలువదియేండ్లు కాపాడిన ఖాలిద్ అల్ అసద్ అను ఎనుబదియేండ్లు దాటిన వృద్ధపండితుని ఆ దుర్మార్గులు చంపిరి. నేలమీద నిలిచి కాపాడినవాడు ఆయన. ఆకసమునుండి చూచినది యంత్రము. రెండింటికిని గల భేదము ఇదియే.

మహాభారతమున సంజయునకు వ్యాసభగవానుడు దివ్యదృష్టి ననుగ్రహించెను. అతడు హస్తినలో నుండియే కురుక్షేత్రమున జరిగినదంతయు చూచెను, చూచినది చూచినట్లు చెప్పెను. దానివలన ఒక్క ప్రాణమైనను దక్కెనా? లేదు. లోపము సంజయుని చూపులో లేదు. విన్న రాజులో నున్నది. ఉపగ్రహము మనకు సంజయుడు. విను మనము ధృతరాష్ట్రులము కాకుండుటయే కావలసినది.

ఆ దివ్యదృష్టికిని అందనివి కొన్ని గలవు. 2019 అక్టోబరులో కుండపోతగా వానలు కురిసి తొట్లకొండమీది మహాస్తూపము కూలినది. త్రవ్వకముల తరువాత మరల కట్టి నిలిపిన భాగమే అది. వానకాలమున మబ్బు క్రమ్మినచో ఈ ఛాయాయంత్రములకు నేల కనబడదు. మబ్బును చీల్చుకొని చూడగల రాడారు ఉపగ్రహములు గలవు గాని, ఇటుక గోడ ప్రక్కకు ఉబ్బుచున్నదా, సందులలో నీరిగురుచున్నదా యను సంగతి అవియు చెప్పజాలవు. పైనుండి స్తూపము కూలువఱకును గుండ్రముగనే యుండును. గోడ ఉబ్బును కనిపెట్టునది దినదినము ఆ గోడ ప్రక్కన నడచు మనుష్యుని కన్నే.

దీనికి తార్కాణము మాకు కొండ దిగునప్పుడే దొరకినది. కొండ మొదట ఒక ముసలమ్మ తేగలు అమ్ముచుండెను. మేము తేగలు కొని, "అవ్వా, ఆ తొట్లలో నీళ్ళు ఎల్లప్పుడు నుండునా?" యని యడిగితిమి.

"వర్సాలు పడ్డాక నిండిపోతాయమ్మా. ఎండలు ముదిరితే ఎండిపోతాయి. ఓ తొట్టిలో మాత్రం నీళ్ళు ముందే పోతాయి. అడుగున ఎక్కడో బీట ఉంది కామోసు," అనెను.

"ఎవరికైన చెప్పితివా?"

"నన్నెవులు అడిగారమ్మా? మీరే అడిగారు."

మా అమ్మాయి ఆ మాటను తన పుస్తకమున వ్రాసికొనెను. జానెడు చుక్కలతో లోకమును చిత్రించు యంత్రమునకు ఆ బీట తెలియదు. తేగలమ్ము అవ్వకు తెలియును. ఆమె నడిగినవారు లేరు.

ఇక మన గృహిణులు చేయదగిన దేమి? ఈ చిత్రములు నేడు పండితుల సొత్తు కావు. ఇంటింట సెల్‌ఫోనులోనే చూడవచ్చును. సారా పార్కాక్ అను అమెరికా విదుషి 2017లో పెరూ దేశపు ఉపగ్రహచిత్రములను చిన్న చిన్న ముక్కలు చేసి, ఇండ్లలో కూర్చున్న సామాన్యులచేత పరిశీలింపజేసెను. ఎచ్చట దొంగలు నేలను త్రవ్విన గుంతలున్నవో, ఎచ్చట పాత కట్టడపు జాడలున్నవో వేలకొలది జనులు గుర్తించి పంపిరి. ఆ ముక్క ఏ చోటిదో మాత్రము చూచువారికి తెలుపలేదు. దొంగల చేతికి త్రోవపటము ఇచ్చినట్లగునని ఆమె జాగ్రత్త. బియ్యములో రాళ్ళేరుటకు అలవాటుపడిన కన్నులకు ఈ పని కష్టమా?

మన యూళ్ళలోనే మొదలు పెట్టుదము. మీ యూరి వెలుపలి పాటిదిబ్బ, పొలిమేర వీరశిల, పాడుపడిన కోనేరు, గుడివెనుక విఱిగిన శాసనము – వీనిలో ఒకదానిని ఎన్నుకొనుడు. ఉపగ్రహపటములో దానిని వెదకి పట్టుకొనుడు. అది పాత చిత్రములలో ఎట్లుండెనో, నేడెట్లున్నదో పిల్లలచేత పోల్పించుడు. సంవత్సరమున కొకమాఱు, పండుగనాడో సెలవునాడో, అచ్చటికి పోయి ఒకే చోట నిలిచి ఛాయాచిత్రము తీసి, వెనుక తేదీ వ్రాసి దాచుడు. ఆ చుట్టుప్రక్కల పశువులు కాయువారిని, పండ్లమ్మువారిని, వృద్ధులను అడిగి వారెఱిగినది వ్రాసికొనుడు. త్రవ్వుడు కనబడినను, గోడ ఒరిగినను, హద్దురాయి జరిగినను, గ్రామాధికారికిని పురావస్తుశాఖకును ఆ రెండు చిత్రములతో ఒక లేఖ వ్రాయుడు. ఒక్క లేఖకు జవాబు రాకపోవచ్చును, రెండవది వ్రాయుడు. మనయందు ఓర్పునకు కొదవ లేదు.

గాంధారి పతిభక్తివలన కన్నులకు గుడ్డ కట్టుకొనెనని చదివి మనము నమస్కరింతుము. కాని ఈ విషయమున ఆమె నడచిన త్రోవ మనకు తగదు. మా అమ్మాయి ఆ తొట్టి సంగతి ఒక కాగితముమీద వ్రాసి, ఉపగ్రహచిత్రములో దాని చోటు గుర్తించి, పురావస్తుశాఖకు పంపినది. క్రింద అవ్వ చెప్పినదనియు వ్రాసినది. ఈ వేసవిలో తొట్లు ఎండినప్పుడు మరల పోయి ఆ బీటను కన్నులార చూచి రావలెనని మేము నిశ్చయించుకొంటిమి. విశాఖపట్టణపు సోదరీమణులెవరైన మాకంటె ముందు పోగలిగినచో, కుడివైపు కడలిని చూచినంతసేపు ఎడమవైపు కొండను గూడ చూచి రండు. కొండ మొదట తేగలమ్ము అవ్వ కనబడినచో, కొని, ఒక్క మాట అడిగి రండు.